పెరటిలో ఉయ్యాల పందిరి



ఆశ్వయుజ బహుళ తదియ మన యాడుబిడ్డలకు అట్లతద్దె. ఆనాడు ఉయ్యాల యూగుట మన యాచారము. పూర్వము చింతకొమ్మయో మఱ్ఱికొమ్మయో యీ పనికి చాలియుండెను. ఇప్పుడు పెక్కు పెరళ్లలో అట్టి చెట్లు లేవు. అందుచే పందిరి వేసి దానికే ఉయ్యాల గట్టుట లెస్స. అది యెట్లు వేయవలెనో మనవిచేసెదను. అంతకు ముందు నా తప్పు నొకదానిని ఒప్పుకొనవలసియున్నది.

కొన్ని యేండ్ల క్రిందట మా మనుమరాలు కోరగా, పెరటిలోని ఆనపపాదు పందిరికే త్రాడు వేసి ఉయ్యాల గట్టితిని. ఆమె నాలుగుమాఱు లూగునంతలో ఒక గుంజ నేలమట్టమున విఱిగెను. పిల్ల పడినది, మోచేయి విఱిగినది. ఆ గుంజ పైకి గట్టిగానే కనబడుచుండెను. నేలను తాకుచోట చెదలు తిని డొల్లయైయుండెను. చిరకాలము బడిలో పాఠములు చెప్పిన నాకు మా యూరి వడ్రంగి ఆనాడొక పాఠము చెప్పెను: "పంతులుగారూ, పాదుని మోసే పందిరి వేరు, పిల్లని మోసే పందిరి వేరండి."

ఆ భేద మేమన, పాదు కదలదు. ఉయ్యాల ఊగి క్రిందికి వచ్చు క్షణమున త్రాళ్లపై పడు లాగుడు మనుష్యుని బరువు కంటె అధికము. త్రాడు నిలువునుండి 60 డిగ్రీలవఱకు పోయి వచ్చినచో ఆ లాగుడు రెండింతలు. 90 డిగ్రీలవఱకు పోయినచో మూడింతలు. మఱియు నది పందిరిని ముందునకును వెనుకకును త్రోయుచుండును.

ఇక నిర్మాణము. చేవగల టేకు స్తంభములు, 12 అడుగుల పొడవు, 6 అంగుళముల మందము గలవి, నాలుగు కావలెను. వీనిని 3 అడుగుల లోతున పాతి, చుట్టును కంకర వేసి దిమ్మిసతో గట్టిపఱుపవలెను. భూమిలోని భాగమునకును, దానిపై జానెడు మేరకును తారు పూయవలెను. కొయ్య మొదట కుళ్లునది నేలమట్టముననే. రెండేసి స్తంభములపై ఒక్కొక్క అడ్డకొయ్య నుంచి, ఆ రెండింటి నడిమి భాగములమీదుగా దూలము వేయవలెను. దూలము 4 అంగుళముల వెడల్పు, 6 అంగుళముల ఎత్తు నుండవలెను. దానినే బల్లపఱుపుగా పరుండబెట్టినచో బలము మూడింట రెండువంతులకు తగ్గును.

ఉయ్యాల యూగు దిక్కుననే స్తంభములకును అడ్డకొయ్యలకును నడుమ ఏటవాలుగా ఊతకొయ్యలు బిగింపవలెను. లేనిచో పందిరి యంతయు నొక ప్రక్క కొరుగును. మేకులు ఊపునకు వదులగును గాన బోల్టులే వాడవలెను. త్రాటిని దూలమునకు చుట్టినచో రాపిడికి అరుగును. దూలమునందు నిలువున తొలిపించి, కడియము గల బోల్టులు దించి, ఇనుపగొలుసులు తగిలించుట క్షేమము. నైలాను త్రాడు ఎండకు పెళుసగును. జనపనార త్రాడు తడికి చివుకును.

పీట మోకాలి యెత్తున నుండవలెను. క్రింద అడుగు మందమున ఇసుక పోయవలెను. దూలము ఎత్తునకు రెండింతల దూరము ముందును వెనుకను గోడగాని నూయిగాని ఉండరాదు. పైన వెదుళ్లు పఱచి సన్నజాజి ప్రాకించినచో నీడయు పరిమళమును కలుగును. కాని తీగ బోల్టులను కప్పనీయరాదు.

ఎవ్వరును ఎక్కకమునుపు, పెద్దమనిషి బరువునకు మూడింతల ఇసుకబస్తాలు ఒకపూట వ్రేలాడగట్టి చూడవలెను. పిమ్మట ఏటేట, వానలు వెనుకబట్టి అట్లతద్దె రాకమునుపు, స్తంభముల మొదళ్లు ఉలితో పొడిచి చూడవలెను. ఉలి మెత్తగా దిగినచో ఆ స్తంభము మార్చవలసినదే.

మా మనుమరాలి చేయి అతికినది. ఈ విధముగా క్రొత్త పందిరి వేయించి పిలిచితిని. ఆమె దూరముననే నిలిచి, "ముందు నువ్వు ఎక్కు తాతయ్యా" అనెను. ఎక్కితిని. పెద్దలారా! పిల్లల కొఱకు మనము కట్టినదానిపై ముందు మనమే కూర్చుండుట న్యాయము. సెలవు.