సాల్ట్ లేక్ శిబిరం చెప్పిన పాఠం

కలకత్తా సాల్ట్ లేక్‌లో నేడు తీర్చిదిద్దిన వీధులు, ప్రభుత్వ కార్యాలయాలు. హుగ్లీ ఒండ్రుతో పూడ్చిన ఆ ఉప్పునీటి చిత్తడి నేలమీదనే 1971లో దాదాపు రెండున్నర లక్షల మంది తూర్పు బెంగాల్ శరణార్థులు తలదాచుకున్నారంటే, ఇటీవల అక్కడ తిరుగుతున్నప్పుడు నాకే నమ్మశక్యం కాలేదు.

ఆ ఏడాది మార్చి 31న పార్లమెంటు తూర్పు బెంగాల్ ప్రజలకు సంఘీభావం తెలుపుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. కాని తీర్మానాలు రోగికి మందు పోయవు. ప్రభుత్వం ఒక్కటే మోయలేని ఆ భారానికి చర్చిలు భుజం పట్టాయి. సాల్ట్ లేక్ శిబిరంలో మదర్ థెరిసా, ఆమె సిస్టర్లు సేవచేశారు. నగరంలోని సెయింట్ పాల్స్ కేథడ్రల్ నుంచి కానన్ సుబీర్ బిశ్వాస్ ఆ ఏడే కేథడ్రల్ రిలీఫ్ సర్వీస్‌ను ఆరంభించారు. శరణార్థుల సహాయంతో మొదలైన ఆ సంస్థ, వారు స్వదేశానికి మరలిన పిదప మూతపడలేదు. నగరంలోని బస్తీలవైపు మళ్ళింది.

వీరి సేవ అందుకున్నవారిలో అత్యధికులు హిందువులు, ముస్లిములు.

2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లుపై పార్లమెంటులో జరిగిన చర్చ చాలావరకు శరణార్థి మతం చుట్టూ తిరిగింది. చట్టానికి నిర్వచనాలు కావాలి, నిజమే. అయితే, శరణు కోరి వచ్చినవానిని మొదట అడగవలసిన ప్రశ్న ఏదో, ఢిల్లీ ఒకసారి సాల్ట్ లేక్‌ను జ్ఞాపకం చేసుకొని ఆలోచించుకోవాలి.