చదరంగపు గడులూ, వడ్లగింజలూ

పిల్లలూ! చదరంగం పలకమీద 64 గడులుంటవి గదా. మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండవ దానిలో 2, మూడవ దానిలో 4, ఇట్లా గడి గడికీ రెట్టింపు చేసి ఇప్పించమని, ఆ ఆట కనిపెట్టినవాడు రాజును కోరాడని పాత కథ. "ఓస్, ఇంతేనా!" అన్నాడట రాజు.

గడుల్లోని గింజల లెక్కను వరసగా వ్రాస్తే 1, 2, 4, 8, 16... ఇది అనుక్రమం. సంఖ్యల మధ్య కామాలు తీసి కూడిక గుర్తులు పెట్టండి: 1 + 2 + 4 + 8 + 16... ఇప్పుడిది శ్రేణి. పరీక్షలలో ఈ రెంటినీ కలగాపులగం చేసేవారు ఎందరో! రాజు అనుక్రమంలో మొదటి నాలుగు సంఖ్యలూ చూసి నవ్వాడు. ఇవ్వవలసింది మాత్రం శ్రేణి మొత్తం.

ఆ మొత్తం ఎంత? 64 సంఖ్యలనూ కూడుతూ కూర్చోనక్కరలేదు. గడి గడి వద్దా ఆగి, అంతవరకు వచ్చిన మొత్తం చూడండి: 1, 3, 7, 15, 31... ఇదీ ఒక అనుక్రమమే! ప్రతి మొత్తమూ తరువాతి గడిలోని గింజలకంటె ఒకటి తక్కువ. కనుక 65వ గడి అంటూ ఉంటే అందులో పడే గింజలకు ఒకటి తక్కువే మన జవాబు: 18446744073709551615.

మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని 11వ శతాబ్దంలో తెలుగు పద్యాలుగా వ్రాసిన పావులూరి మల్లన పేర, ఈ 20 అంకెల సంఖ్యను ఇమిడ్చిన పద్యం ఒకటి ప్రసిద్ధం. అందులో అంకెలకు బదులు మాటలే. బాణాలంటే 5, చంద్రుడంటే 1, వేదాలంటే 4. చివరినుంచి వెనక్కు చదువుకోవాలి.

సరే, గడులకు అంతే లేకపోతే? రెట్టింపు చేస్తూ పోతే మొత్తానికి హద్దుండదు. సగం చేసి చూడండి. బెల్లం ముక్కలో సగం తమ్ముడికిచ్చారు. మిగిలినదానిలో సగం, మళ్ళీ మిగిలినదానిలో సగం, ఇట్లా ఇస్తూనే ఉన్నారు: 1/2 + 1/4 + 1/8... తమ్ముడికి చేరిన మొత్తాలు 1/2, 3/4, 7/8, 15/16... ఇవి 1ని ఎన్నడూ అందుకోవు. కాని మీరు ఎంత దగ్గర కోరితే అంత దగ్గరకు పోతవి. అందుచేత ఈ అంతులేని శ్రేణి మొత్తం 1 అంటాము. మొత్తాల అనుక్రమాన్ని చూడందే ఆ మాట అనలేము.

సంఖ్యలు చిన్నవవుతూ పోతే చాలు, మొత్తం ఎక్కడో ఒకచోట ఆగుతుందనుకుంటున్నారా? 1 + 1/2 + 1/3 + 1/4... ఇది ఆగదు. నూరునూ దాటుతుంది, వేయినీ దాటుతుంది. 14వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు పండితుడు నికోల్ ఒరెమ్ దీనిని ఋజువు చేశాడు. 1/4కు 1/4 కలిస్తే సగం గదా. 1/3 అంతకంటె పెద్దది, కనుక 1/3, 1/4 కలిస్తే సగాన్ని మించుతవి. 1/5 మొదలు 1/8 వరకు నాలుగూ కలిస్తే మళ్ళీ సగాన్ని మించుతవి. ఆ తరువాతి ఎనిమిదింటి సంగతి మీరే తేల్చండి.