సైనికుని బిడ్డ చదువు

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెమునకు చేరువనున్న మాధవరమును జనులు మిలిటరీ మాధవరమని పిలుచుట వాడుక. మొదటి ప్రపంచ సంగ్రామము నాటినుండి ఆ గ్రామపు యువకులు తరతరములుగా సైన్యమున చేరుచున్నారు. ఇట్టి యిండ్లలోని ఇల్లాలికి రెండు చింతలు. ఒకటి సరిహద్దుననున్న భర్తను గూర్చినది. రెండవది ఇంటనున్న బిడ్డ చదువును గూర్చినది. మొదటిదానికి ఇతరులు చేయగలిగినది స్వల్పము. రెండవదానికి ప్రభుత్వము పూనుకొనవలెను. పూనుకొన్నది కూడ.

1971 యుద్ధము ముగిసిన పిమ్మట, సమరమున మరణించిన, జాడ తెలియకపోయిన, శాశ్వతముగా అంగవిహీనులైన సైనికుల సంతానమునకు విద్యావ్యయమును ప్రభుత్వమే భరించు ఏర్పాటు జరిగినది. బోధనరుసుము, వసతిగృహపు ఖర్చు, పుస్తకములు, దుస్తులు అందులో చేరినవి. మొదటి డిగ్రీ ముగియువరకు ఈ సాయము సాగును. తండ్రి లేని లోటును ధనము పూడ్చజాలదు. అయినను ఫీజు గడువునాడు కళాశాల గుమాస్తా యెదుట తల వంచి నిలువవలసిన అవస్థ తప్పును గదా!

నలువదియైదేండ్లు సాగిన ఈ ఏర్పాటుపై 2017లో కత్తెర పడినది. ఏడవ వేతన సంఘము సిఫారసుల ననుసరించి, బోధనరుసుము, వసతి ఖర్చు కలిసి నెలకు 10,000 రూపాయలు మించరాదని ఉత్తరువు వెలువడినది. బడిపిల్లవానికి ఆ మొత్తము చాలవచ్చును. వైద్యమో ఇంజనీరింగో సగము చదివినవాని గతి యేమి? ప్రభుత్వపు మాట నమ్మి కుమారుని కళాశాలలో చేర్చిన తల్లి, మిగిలిన ఫీజు ఎచ్చటనుండి తేవలెను? నాటి నావికాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా పరిమితిని తొలగింపుడని రక్షణమంత్రికి లేఖ వ్రాసిరి. 2018 మార్చిలో అది తొలగినది. పొరపాటును దిద్దుకొనుట మెచ్చదగినదే. అంతవరకు ఆ తల్లులు గడపిన రాత్రులను ఏ పద్దులో వ్రాయుదురు?

సేవ ముగించి ఇల్లు చేరిన సైనికుల బిడ్డలకు వేరొక పథకము కలదు. అది 2006-07లో ఆరంభమైన ప్రధానమంత్రి విద్యార్థివేతనము. కేంద్రీయ సైనిక బోర్డు ఏటేట 5,500 మందికి దీనిని మంజూరు చేయును. అందులో సగము బాలికలకే. 2019-20 నుండి బాలురకు నెలకు 2,500, బాలికలకు 3,000 రూపాయలు. రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంజనీరింగు ప్రవేశములందు సైనికుల సంతానమునకు నూటికి 2 సీట్లు కేటాయించుచున్నారు. సీటు దొరికినంత మాత్రమున ఫీజు తీరదు గనుక ఈ వేతనము అక్కరకు వచ్చును.

ఇందొక చిక్కున్నది. ఈ వేతనము వృత్తివిద్యలకే. తెలుగో చరిత్రయో కోరి బి.ఏ.లో చేరిన హవల్దారు కుమార్తెకు ఇది దక్కదు. ఆమెకు వేరొక నిధినుండి 2025 వరకు లభించినది నెలకు 1,000 రూపాయలు మాత్రమే. అదే పిల్ల బి.ఇడి.లో చేరగానే తిరిగి అర్హురాలగును! ఉపాధ్యాయిని కాదలచినవారికి చేయూత కావలెను గాని, ఆమె నేర్పబోవు విషయమును నేర్చుకొను మూడేండ్లకు అక్కరలేదా? సాహిత్యమును చదువుగా లెక్కింపని చూపు ఇచ్చటను దాపురించినది.

విద్యార్థులు ఎరుగవలసినది మరియొకటి. అర్హతపరీక్షలో నూటికి 60 మార్కులు రావలెను. కోర్సులో చేరిన మొదటి యేటనే దరఖాస్తు పెట్టవలెను. రెండవ యేట తెలిసికొన్నవానికి ద్వారము మూసియుండును. ఇంటర్మీడియటు తరగతిలో మాజీ సైనికుని బిడ్డ యెవరో ఎరిగిన ఉపాధ్యాయుడు, ఆ మాట ఫలితములకు ముందే వాని చెవిని వేయవచ్చును.