చుక్కంత పిండం.. కొండంత వాదం

మూలకణాలంటే ఏ జబ్బునైనా నయం చేసే మంత్రమని కొందరి నమ్మకం. పిండం నుంచి తీసే మూలకణాలంటే పాపమని మరికొందరి బాధ. ఈ పరిశోధనకు ప్రజల సొమ్ము ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా అన్న ప్రశ్న అమెరికాలో పాతికేళ్లకు పైగా నలుగుతోంది. ఆ గొడవ మనకెందుకంటారా? ఆ పరిశోధన ఫలితాలు ఇప్పుడు మధుమేహం, పార్కిన్సన్స్‌ బాధితుల ముంగిట్లోకి వస్తున్నాయి. దాని పేరు చెప్పుకొని సాగే వ్యాపారం మన ఊళ్లకూ వచ్చేసింది. కాబట్టి అసలు సంగతేమిటో తెలుసుకోవటం మనకూ అవసరమే.

మీ ఇంట్లో పదేళ్ల పాపకు టైప్‌-1 మధుమేహం ఉందనుకోండి. రోజుకు మూడు నాలుగు సార్లు ఇన్సులిన్‌ సూది తప్పదు. బడిలో గ్లూకోజు పడిపోతుందేమోనని అమ్మకు బెంగ, రాత్రి నిద్రలో పడిపోతుందేమోనని నాన్నకు బెంగ. ‘క్లోమంలో చచ్చిపోయిన ఆ ఇన్సులిన్‌ కణాలనే మళ్లీ తయారుచేసి పెట్టలేరా డాక్టర్‌?’ అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం వెతికే దారుల్లో ముఖ్యమైనది పిండ మూలకణాల దారి. అయితే ఆ కణాలను తీయాలంటే ఐదారు రోజుల వయసున్న మానవ పిండం నశించాలి. చిక్కంతా అక్కడే.

ఇంతకీ ఏమిటీ కణాలు?

అండం, శుక్రకణం కలిశాక ఏర్పడే ఒకే ఒక్క కణం రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా చీలుతూ పోతుంది. ఐదారు రోజులకు వంద, రెండొందల కణాలున్న బోలు బంతిలా తయారవుతుంది. దీన్ని ‘బ్లాస్టోసిస్ట్‌’ అంటాం. కంటికి ఆనీ ఆననంత చుక్క. అప్పటికింకా గుండె లేదు, మెదడు లేదు, నాడీకణం ఒక్కటైనా లేదు. బంతి పైపొర మున్ముందు మాయగా మారుతుంది. లోపల ఓ పక్కన గుత్తిగా ఉన్న కణాల నుంచి శరీరమంతా రూపుదిద్దుకుంటుంది. ఈ గుత్తిని వేరుచేసి ప్రయోగశాలలో పెంచితే అవే పిండ మూలకణాలు.

వీటికి రెండు గొప్ప లక్షణాలున్నాయి. ఒకటి, అలుపులేకుండా పెరుగుతూనే ఉంటాయి. రెండు, గుండె, నాడి, క్లోమం, కాలేయం.. శరీరంలో ఏ కణంగానైనా మారగలవు. ఎముక మజ్జలో ఉండే మూలకణాలు ప్రధానంగా రక్తకణాలనే తయారుచేస్తాయి. మజ్జ కణాన్ని ఆకారం తిరిగిన కుండ అనుకుంటే, పిండ మూలకణం ఇంకా సారె ఎక్కని మట్టి ముద్ద.

మానవ పిండం నుంచి ఈ కణాలను తొలిసారి వేరుచేసి పెంచినట్టు 1998 నవంబరులో విస్కాన్సిన్‌ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జేమ్స్‌ థామ్సన్‌ బృందం ప్రకటించింది. ఆ పిండాలు ఎక్కడివి? సంతానం కోసం ఐవీఎఫ్‌ చేయించుకున్న దంపతులవి. ఈ చికిత్సలో ఒకేసారి అనేక పిండాలు తయారవుతాయి. ఒకటో రెండో గర్భంలో ప్రవేశపెట్టి మిగతావాటిని మైనస్‌ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాచిపెడతారు. తమకిక అవసరం లేదనుకున్న దంపతులు కొందరు వాటిని పరిశోధనకు ఇచ్చారు.

డబ్బు దగ్గరే పేచీ

ఇక్కడో విషయం గమనించాలి. అమెరికాలో కేంద్ర ప్రభుత్వం పిండ మూలకణ పరిశోధనను ఏనాడూ పూర్తిగా నిషేధించలేదు. పోరాటమంతా ‘పన్ను డబ్బు ఇవ్వాలా, వద్దా’ అన్నదాని మీదే. మానవ పిండాలను నాశనం చేసే పరిశోధనకు కేంద్ర నిధులు ఇవ్వకూడదంటూ 1996లో అక్కడి పార్లమెంటు బడ్జెట్‌ బిల్లుకు ఒక షరతు తగిలించింది. డిక్కీ-వికర్‌ సవరణ అంటారు దాన్ని. ఏటా బడ్జెట్‌తోపాటు అదీ తిరిగి ఆమోదం పొందుతూనే వస్తోంది. అందుకే థామ్సన్‌ ప్రైవేటు సొమ్ముతో పని చేయాల్సివచ్చింది.

1999లో ప్రభుత్వ న్యాయవాదులు ఒక మెలిక చూపించారు. పిండాన్ని నాశనం చేసే పనికే నిషేధం. అప్పటికే వేరుచేసిన కణాలు పిండం కావు, కాబట్టి వాటిపై పరిశోధనకు నిధులు ఇవ్వొచ్చన్నారు. ‘దొంగతనం నేను చేయలేదు, దొంగసొత్తు కొన్నానంతే అన్నట్టుంది’ అనేది వ్యతిరేకుల ఆక్షేపణ సారాంశం.

2001 ఆగస్టు 9న అధ్యక్షుడు జార్జి బుష్‌ మధ్యేమార్గం ప్రకటించారు. ఆ రోజుకు ముందే తయారైన కణ వరుసలపై పరిశోధనకు నిధులిస్తాం, ఆ తర్వాత తయారయ్యేవాటికి ఇవ్వం అన్నారు. అరవైకి పైగా వరుసలున్నాయని లెక్క చెప్పారు. ఆ జాబితాలో పది మన దేశానివే! ముంబయిలోని రిలయన్స్‌ లైఫ్‌ సైన్సెస్‌వి ఏడు, బెంగళూరులోని నేషనల్‌ సెంటర్‌ ఫర్‌ బయలాజికల్‌ సైన్సెస్‌వి మూడు. అయితే జాబితాలో ఉన్నవన్నీ అక్కరకు రాలేదు. పరిశోధకులకు నిజంగా అందినవి ఇరవై పైచిలుకే.

దీంతో ప్రయోగశాలల్లో వింత పరిస్థితి ఏర్పడింది. ప్రభుత్వ డబ్బుతో కొన్న మైక్రోస్కోపు కింద కొత్త కణాలను పెట్టకూడదు. కొన్ని విశ్వవిద్యాలయాలు ప్రైవేటు విరాళాలతో వేరే గదులు, వేరే పరికరాలు సమకూర్చుకోవాల్సివచ్చింది. హార్వర్డ్‌ శాస్త్రవేత్త డగ్లస్‌ మెల్టన్‌ ఇలాగే ప్రైవేటు నిధులతో 17 కొత్త కణ వరుసలు తయారుచేసి 2004లో ప్రకటించారు. ఇతర పరిశోధకులకూ అందుబాటులో ఉంచారు. ఆయన ఇద్దరు పిల్లలకూ టైప్‌-1 మధుమేహమే.

ఎవరి వాదన ఏమిటి?

వద్దనేవారి మాట ముందు విందాం. పిండం చిన్నదే కావొచ్చు, కానీ అది మనిషి జీవితానికి మొదటి మెట్టు అంటారు వారు. ప్రతి మనిషీ ఒకప్పుడు ఆ చుక్కే. ఒకరి ప్రాణం నిలపటానికి మరో ప్రాణాన్ని పనిముట్టుగా వాడుకోవటం తప్పు. ఎలాగూ పారేసేవే కదా అంటే, ఎలాగూ చనిపోయేవాడే కదా అని రోగి మీద ఇష్టమొచ్చిన ప్రయోగం చేయం కదా అని అడుగుతారు. అన్నిటికీ మించి, దీన్ని హత్యగా భావించే పౌరుడి పన్నుతోనే ఆ పని చేయించటం అన్యాయమంటారు. క్యాథలిక్‌ చర్చి ఈ వాదనకు గట్టి అండ. మేలు చేయటానికి పిండమే కావాలా అన్నది వారి మరో ప్రశ్న. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్‌ కంటి వైద్య సంస్థ రసాయనాలు పడి కాలిన కళ్లకు చేసే చికిత్స తెలిసిందే. రోగి బాగున్న కంటి నల్లగుడ్డు అంచు నుంచే మూలకణాలు తీసి వాడతారు. అందులో పిండం ప్రసక్తే లేదు.

కావాలనేవారి మాట ఇదీ: ఆ పిండం గర్భంలోకి చేరితేనే బిడ్డ అవుతుంది. దంపతులు వద్దనుకున్న పిండానికి మిగిలింది చెత్తబుట్టే. దాన్ని రోగుల కోసం వాడటం తప్పెలా అవుతుంది? యూదు మత పెద్దల్లో, ఇస్లాం పండితుల్లో చాలామంది తొలి రోజుల పిండాన్ని పూర్తి మనిషితో సమానంగా చూడరు. మరి ఒక మత విశ్వాసాన్ని అందరి మీదా రుద్దొచ్చా? పైగా ప్రభుత్వ నిధులతోపాటే నియమాలు, పర్యవేక్షణ, ఫలితాల ప్రచురణ వస్తాయి. ప్రభుత్వం చేతులు దులుపుకొంటే పరిశోధన ఆగదు. గుట్టుగా, పేటెంట్ల చాటున సాగుతుంది.

మరి మిగిలిన పిండాల సంగతి? అమెరికాలో 2002 నాటికి దాదాపు 4 లక్షల పిండాలు శీతల నిల్వలో ఉన్నట్టు ఒక సర్వే లెక్కగట్టింది. అయితే అందులో పరిశోధనకు కేటాయించినవి 3 శాతం లోపే. అత్యధికం దంపతులు తమ భవిష్యత్తు కోసం దాచుకున్నవే. ‘లక్షల పిండాలు వృథా’ అన్న మాటా, ‘లక్షల ప్రాణాలు బలి’ అన్న మాటా.. రెండూ అతిశయోక్తులే.

గీతలు చెరిగిన వేళ

ఈ వాదంలో పార్టీ గీతలు నిలవలేదు. గర్భస్రావాన్ని గట్టిగా వ్యతిరేకించే రిపబ్లికన్‌ సెనేటర్‌ ఓరిన్‌ హ్యాచ్‌ ఈ పరిశోధనను సమర్థించారు. అల్జీమర్స్‌తో భర్తను పోగొట్టుకున్న నాన్సీ రీగన్‌ సొంత పార్టీ అధ్యక్షుడి విధానంతో విభేదించారు. వెన్నుపాము దెబ్బతిని చక్రాల కుర్చీకి పరిమితమైన ‘సూపర్‌మ్యాన్‌’ నటుడు క్రిస్టఫర్‌ రీవ్‌ చివరిదాకా నిధుల కోసం పోరాడి 2004 అక్టోబరులో కన్నుమూశారు. ఆ మరుసటి నెలలోనే కాలిఫోర్నియా ప్రజలు ఓటు వేసి, 300 కోట్ల డాలర్ల బాండ్లతో సొంత నిధి ఏర్పాటుకు పచ్చజెండా ఊపారు.

2006లో అమెరికా పార్లమెంటు నిధుల సడలింపు బిల్లును ఆమోదించింది. బుష్‌ తన పాలనలో తొలిసారి వీటో వాడింది దాని మీదే. ఆ రోజు ఆయన చుట్టూ, ఇతరులు దాచిన పిండాలను దత్తత తీసుకోగా పుట్టిన పిల్లలున్నారు. ‘వీరు మిగులు సరుకా?’ అన్నది ఆ దృశ్యం అడిగిన ప్రశ్న. 2009 మార్చిలో ఒబామా నిధులపై ఆంక్షలు సడలించారు. ఐవీఎఫ్‌లో మిగిలి, దంపతులు డబ్బు తీసుకోకుండా, రాతపూర్వక సమ్మతితో ఇచ్చిన పిండాల కణాలకే ఆ వెసులుబాటు. దానిపై కోర్టుకెక్కిన వివాదం 2013లో గానీ ముగియలేదు.

ఈలోగా జపాన్‌ శాస్త్రవేత్త షిన్యా యమనాకా కొత్త దారి చూపారు. నాలుగు జన్యువులతో మామూలు చర్మకణాన్నే పిండ మూలకణంలాంటి స్థితికి వెనక్కి మళ్లించారు. 2006లో ఎలుకల్లో, 2007లో మానవ కణాల్లో సాధించిన ఈ పనికి 2012లో నోబెల్‌ అందుకున్నారు. వాదం వేడి చాలావరకు తగ్గింది దీనివల్లే. అయితే పిండ కణాలు ఎలా ప్రవర్తిస్తాయో తెలియబట్టే, ఆ స్థితికి చేరామో లేదో సరిచూడగలిగారని మరవకూడదు.

ఇప్పుడేం తేలింది?

ఫలితాలు నెమ్మదిగా వస్తున్నాయి. పిండ మూలకణాల నుంచి తయారుచేసిన ఇన్సులిన్‌ కణాలను పూర్తి మోతాదులో అందుకున్న 12 మంది టైప్‌-1 మధుమేహుల్లో 10 మందికి ఏడాది తర్వాత ఇన్సులిన్‌ సూది అవసరం లేకపోయిందని 2025లో ప్రచురితమైంది. పార్కిన్సన్స్‌ బాధితులు 12 మందిపై చేసిన తొలిదశ పరీక్షలో కణాల మార్పిడి పెద్ద ప్రమాదాలు లేకుండా సాగినట్టు అదే ఏడాది వెల్లడైంది.

సంతోషించాల్సిందే, కానీ పండగ చేసుకునే సమయం కాదు. ఇవి చిన్న పరీక్షలు. బయటి కణాలను శరీరం తిరస్కరించకుండా రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడాలి. వాటితో ఇన్‌ఫెక్షన్ల ముప్పుంది. మధుమేహం పరీక్షలో ఒకరు మెదడు పొరల ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయారు కూడా. అందుకే మీ పాప ఇన్సులిన్‌ ఒక్కపూట కూడా మానొద్దు.

మన దగ్గర

ఇది మన దగ్గర ఎన్నికల గొడవ కాలేదు. నిబంధనలు మాత్రం ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం పిండాన్ని ప్రయోగశాలలో 14 రోజులకు మించి పెంచకూడదు. మనిషి నకలును పుట్టించే క్లోనింగ్‌ నిషిద్ధం. రక్త వ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటి వాటిని మినహాయిస్తే, మూలకణాలను మామూలు చికిత్సగా ఇవ్వకూడదనీ, అనుమతి పొందిన క్లినికల్‌ ట్రయల్‌లోనే వాడాలనీ ఆ పత్రం చెబుతుంది.

ఐవీఎఫ్‌కు వెళ్లే దంపతులకు ఇంకో సంగతి. 2021 నాటి సంతాన సాఫల్య చట్టం ప్రకారం పిండాలను పదేళ్ల వరకే దాచొచ్చు. ఆ తర్వాత వాటిని నశించనివ్వటమా, మీ సమ్మతితో నమోదిత పరిశోధన సంస్థకు ఇవ్వటమా అన్నది తేలాలి. అంటే అమెరికాలో నలిగిన ప్రశ్న రేపు మీ ముందుకే ఒక కాగితం రూపంలో రావొచ్చు. సంతకం చేసేముందు భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఇస్తే తప్పు కాదు, ఇవ్వకున్నా తప్పు కాదు. తెలియకుండా ఇవ్వటమే తప్పు.

సర్కారు దవాఖానాలో పనిచేసే వైద్యుడిగా నా అభిప్రాయం అడిగితే ఇదీ: పరిశోధనకు ప్రజల సొమ్ము ఉండాలి, ఆ సొమ్ము వెంట ప్రజల నిఘా కూడా ఉండాలి. కేవలం ప్రైవేటు పెట్టుబడితో పుట్టిన చికిత్స పేదవాడి మంచం దాకా రావటం కష్టం. అదే సమయంలో, పిండానికి గౌరవం ఇవ్వాలనేవారిని చాదస్తులని కొట్టిపారేయలేను. సమ్మతి, కాలపరిమితి, అమ్మకంపై నిషేధం వంటి కట్టుబాట్లు ఇంత గట్టిగా నిలబడటంలో వారి అభ్యంతరాల పాత్ర ఎంతో ఉంది. దక్షిణ కొరియాలో హ్వాంగ్‌ వూ-సుక్‌ క్లోనింగ్‌ పిండాల నుంచి మూలకణాలు తీశానని చెప్పింది కట్టుకథని తేలి, 2006లో ఆ పత్రాలు రద్దయ్యాయి. ఆయన తన ప్రయోగశాలలోని మహిళల అండాలనూ వాడారు. కళ్లెం లేని ఉత్సాహం ఎక్కడికి దారితీస్తుందో చెప్పటానికి అదొక్కటి చాలు.

‘మూలకణ చికిత్స’ అని ఎవరైనా చెబితే ఇవి అడగండి

* ఇది ఆమోదం పొందిన చికిత్సా, ట్రయలా? ట్రయలైతే క్లినికల్‌ ట్రయల్స్‌ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఎంత?

* డబ్బు కట్టమంటున్నారా? ట్రయల్‌లో పరీక్షిస్తున్న చికిత్సకు రోగి నుంచి రుసుము తీసుకోకూడదు.

* కణాలు ఎవరివి, ఏ భాగం నుంచి తీశారు, ఎక్కడ పెంచారు?

* పక్షవాతం, ఆటిజం, మధుమేహం, మోకాళ్ల నొప్పులు.. అన్నిటికీ ఒకటే ఇంజెక్షన్‌ అంటున్నారా? అయితే వెంటనే లేచి వచ్చేయండి.

* పొలం అమ్మో, అప్పు చేసో డబ్బు కట్టేముందు దగ్గర్లోని ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఆ జబ్బు నిపుణుడికి కాగితాలు చూపించండి. ఒక్కరోజు ఆలస్యమైతే కొంప మునిగిపోదు. తొందరపడితేనే మునిగేది.