పాత కారునకు పాత భాగమా, క్రొత్త భాగమా?

పాత మోటారు కార్లను బాగుచేయువారి యెదుట ఎల్లప్పుడును ఒక ప్రశ్న నిలిచియుండును. చెడిపోయిన భాగమునకు బదులు ఆ కాలపు భాగమునే వెదకి తెచ్చి అమర్చవలెనా, లేక నేటి కార్ఖానాలో తయారైన క్రొత్త భాగమును వేయవలెనా? కొందరు “పాతది పాతదిగానే యుండవలెను, ఒక్క మర మారినను అది ఆ కారు కాదు” అందురు. మరికొందరు “నడువని కారు కారెట్లగును? నడిపించు భాగమేదైనను మంచిదే” అందురు. ఈ రెండు మాటలలోను కొంత నిజము గలదు. కాని వానిలో దేనిని గుడ్డిగా పట్టుకొన్నను నష్టమే. ఒక భాగమును గూర్చి నిర్ణయించుటకు ముందు ఆ భాగము చేయు పని యేమో తెలిసికొనవలెనని మా అభిప్రాయము. ఒక ప్రసిద్ధమైన కారును ఉదాహరణముగా తీసికొని దీనిని వివరింతుము.

అమెరికా దేశమున ఫోర్డు కంపెనీవారు 1908 నుండి 1927 వరకు “మోడల్ టి” అను కారును తయారుచేసిరి. ఆ కాలములో కోటి యేబది లక్షల కార్లు వెలువడినవి. కెనడాలోని ఫోర్డు కార్ఖానానుండి మన దేశమునకును ఈ బండ్లు వచ్చినవి. నాలుగు సిలిండర్లు, 20 గుఱ్ఱముల శక్తి గల ఇంజను, తొలినాళ్ల బండ్లకు చెక్క ఆకుల చక్రములు, కాలితో త్రొక్కుటకు మూడు పెడళ్లు, ఇది దాని స్వరూపము. ఇన్ని కార్లు తయారైనందున నేటికిని లోకమున వేలకొలది నడుచుచున్నవి. వానికి పాత భాగములును దొరకును, క్రొత్తగా చేసిన భాగములును దొరకును. అందుచేత పాత క్రొత్తల తారతమ్యమును పరీక్షించుటకు ఈ కారు మిక్కిలి అనుకూలమైనది.

ముందుగా కంటికి కనబడని ఒక చిన్న బిళ్ళ సంగతి చెప్పెదము. ఈ కారు వెనుక ఇరుసులో ఒక పెద్ద పళ్ళచక్రమును, దానిని త్రిప్పు ఒక చిన్న పళ్ళచక్రమును ఉండును. ఆ రెంటి పళ్ళును ఒకదానితో నొకటి సరిగా కలిసియుండుటకై ప్రక్కలను వాషర్లు అమర్చబడినవి. చాలా కార్లలో ఈ వాషర్లను బాబిట్ అను మెత్తని మిశ్రలోహముతో చేసిరి. క్రొత్తలో అది బాగుగానే పనిచేసెను. కాని ఏండ్లు గడచినకొలది అది పగిలి, ముక్కలు ముక్కలుగా రాలిపోవును. అట్లు రాలిపోయినప్పుడు పెద్ద చక్రము ప్రక్కకు జరిగి, చిన్న చక్రపు పట్టునుండి తప్పుకొనును.

అందువలన కారు ఆగిపోవుట మాత్రమే జరిగిన చింతలేదు. ఈ కారులో కాలి బ్రేకు చక్రములను నేరుగా పట్టుకొనదు. అది ఇంజను వెనుకనున్న గేరుపెట్టెలోని డోలును పట్టీతో బిగించును. ఆ బిగింపు పొడవైన కడ్డీ ద్వారా ఇరుసులోని పళ్ళచక్రములకు చేరి, అచటినుండి వెనుక చక్రములకు అందవలెను. పళ్ళచక్రములు విడిపోయినచో నడుపు శక్తియు పోవును, నిలుపు శక్తియు పోవును. ఇక మిగులునది చేతి బ్రేకు. అది నిలిపిన బండి కదలకుండ ఉంచుటకే గాని, కొండదారిన పరుగిడు బండిని ఆపుటకు చాలినది కాదు. దిగుడు బాటలో ఇట్లు జరిగినచో నడుపువాని గతి యేమో ఊహించుకొనవచ్చును.

కావుననే ఈ కార్ల సంగతి తెలిసిన మెకానిక్కులు వెనుక ఇరుసును విప్పి చూడనిదే పాత బండిని రోడ్డు మీదికి తీయవలదందురు. లోపల బాబిట్ వాషర్లున్నచో వానిని తీసివేసి కంచు వాషర్లను వేయుదురు. కంచు అట్లు ముక్కలై రాలదు. ఇరుసును మూసిన పిమ్మట ఈ మార్పు ఎవరికిని కనబడదు. కారు రూపము చెడలేదు, చరిత్ర చెడలేదు, మనుష్యుని ప్రాణము మాత్రము దక్కినది. ఇట్టిచోట “అసలు భాగమే కావలె” నని పట్టుపట్టుట భక్తి కాదు, అజ్ఞానము.

అయినను దీనినిబట్టి బాబిట్ లోహమే చెడ్డదని తలంపరాదు. అదే కారు ఇంజనులోని బేరింగులును బాబిట్‌తోనే పోతపోయబడినవి. అచట నూనెలో తడిసియుండి అవి చక్కగా పనిచేయును. అరిగినప్పుడు క్రొత్త బాబిట్‌ను కరగించి మరల పోయవచ్చును. నేటి పద్ధతి బేరింగులు వేయదలచినచో ఇంజను దిమ్మను కోసి చెక్కవలసివచ్చును. ఒకసారి చెక్కిన దిమ్మను తిరిగి మొదటి స్థితికి తేలేము. ఒకే లోహము ఇరుసులో ప్రమాదకరము, ఇంజనులో ఉపయోగకరము! కావున పాతదా క్రొత్తదా అను ప్రశ్నకన్న, ఎచ్చట ఏ పని చేయుచున్నది అను ప్రశ్న ముఖ్యము.

కాలముచేతనే చెడిపోవు వస్తువులు కొన్ని గలవు. రబ్బరు అట్టిది. టైరు ఒక్క మైలైనను నడువకున్నను ఏండ్లకొలది గాలికి, ఎండకు గట్టిపడి పగుళ్లు బారును. పాత టైరును గుర్తుగా దాచుకొనవచ్చును గాని దానిమీద ప్రయాణము చేయరాదు. పాత కొలతలలోనే, పాత ఆకారముననే క్రొత్త టైర్లు నేడును తయారగుచున్నవి. ఆ కార్లకు ముందు అమర్చిన అద్దము మామూలు అద్దము. అది పగిలినప్పుడు కత్తులవంటి పెంకులుగా విరుగును. రెండు అద్దముల నడుమ పలుచని పొర నుంచి అతికిన రక్షకపు అద్దమును అదే కొలతకు కోయించి వేసినచో చూపునకు భేదము తెలియదు. ఆ కాలపు అనేక కార్ల బ్రేకు పట్టీలలో రాతినార కలదు. దాని ధూళిని పీల్చిన ఊపిరితిత్తులకు భయంకరమైన వ్యాధులు కలుగునని తేలినది. అందుచేత రాతినార లేని పట్టీలనే వాడవలెను.

వస్తువు చెడకున్నను, దాని చుట్టునున్న లోకము మారుటచేత చిక్కు కలుగుటయు గలదు. మోడల్ టి కారులో పెట్రోలు గాలితో కలియు కార్బురేటరునందు ఒక బెండు తేలుచుండెడిది. పెట్రోలు దానిలోనికి ఇంకకుండ లక్కతో చేసిన పూత పూయుచుండిరి. నేడు మన దేశమున పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు అను మద్యసారమును కలుపుచున్నారు. లక్క మద్యసారమున కరగును. పూత కరగగా బెండు నాని మునిగిపోవును. మద్యసారము పాత రబ్బరు గొట్టములను గూడ పాడుచేయును. ఇచట తప్పు పాత పనివానిది కాదు. అతడు తన కాలపు పెట్రోలునకు తగినట్లు చేసెను. మనము మన కాలపు పెట్రోలునకు తగినట్లు ఇత్తడితో చేసిన తేలుడు డొల్లను వేసికొనుట న్యాయమే.

మరి అసలు భాగములకే పట్టుపట్టవలసిన చోటులు లేవా? ఉన్నవి. మోడల్ టి ఇంజను వెనుకనున్న పెద్ద చక్రమునకు 16 అయస్కాంతములు బిగింపబడియుండును. అవి తిరుగుచు విద్యుత్తును పుట్టించును. నాలుగు సిలిండర్లకు నాలుగు చెక్కపెట్టెలలో నాలుగు కాయిళ్లుండి, తుమ్మెదవలె జుమ్మని శబ్దము చేయుచు నిప్పురవ్వలను ఇచ్చును. దీనిని తీసివేసి నేటి పద్ధతి పరికరమును అమర్చిన కారు నడుచును, నిజమే. కాని ఆ కారును కారుగా గుర్తింపజేయు విద్య అందుండి తొలగిపోవును. ప్రాణభయమేమియు లేనిచోట ఈ మార్పు అనవసరము. దీనికి మధ్యేమార్గమును గలదు. కాయిలు పెట్టెలోపలి కండెన్సరు ముసలిదైనప్పుడు, చెక్కపెట్టెను అట్లే యుంచి లోపల నేటి కండెన్సరును అమర్చుదురు. శబ్దము అదే, పని అదే, రూపము అదే.

రంగు విషయమును ఇట్టిదే. 1914 నుండి 1925 వరకు ఈ కారు నల్లరంగుననే అమ్మబడెను. 1920 నాటి బండికి తళతళలాడు ఎఱ్ఱరంగు పూసినచో చూచువారికి అబద్ధము చెప్పినట్లే యగును. వెలిసిన అసలు రంగు ఒకసారి గీకివేసినచో మరల ఎంత ధనము పోసినను రాదు.

మన ప్రభుత్వమువారు 2021లో చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, అసలు రూపమున నిలిచి, చట్రమునందు, పైతొడుగునందు, ఇంజనునందు పెద్ద మార్పులు లేని వాహనములనే పురాతన వాహనములుగా నమోదు చేయుదురు. వాని నంబరులో “వి.ఏ.” అను అక్షరములుండును. పురాతన వాహనముల అంతర్జాతీయ సమాఖ్యవారు 2012లో అంగీకరించిన టూరిన్ శాసనపత్రము మరియొక మంచి మాట చెప్పుచున్నది. రోడ్డు మీద నడుపుటకై మార్పు తప్పనిచో అది స్వల్పముగా నుండవలెను. తిరిగి తీసివేయుటకు వీలుగా నుండవలెను. తీసిన అసలు భాగమును కారుతోపాటు భద్రపరుపవలెను.

ఇంతవరకు చెప్పినదానిని మూడు ప్రశ్నలుగా కూర్చవచ్చును. ఈ భాగము విఫలమైనచో ప్రాణహాని గలదా? గలదన్నచో దృఢమైన క్రొత్త భాగమును వేయుము. ఈ మార్పును రేపు మరియొకరు తీసివేయగలరా? లేనిచో చేయుటకు ముందు పదిసార్లు ఆలోచింపుము. ఏమి మార్చితిమో వ్రాసి యుంచితిమా? వ్రాయనిచో, తరువాతివాడు మన పనిని ఆ కాలపు పనియే యనుకొని మోసపోవును.

తమిళనాడున నున్న విద్యార్థులకు ఇట్టి కార్లను కన్నులార చూచు అవకాశము గలదు. తెలుగు కుటుంబమున జన్మించి కోయంబత్తూరు యంత్రపరిశ్రమకు పేరు తెచ్చిన జి. డి. నాయుడుగారి (1893–1974) సంస్థవారి జీడీ కార్ల ప్రదర్శనశాల ఆ నగరమున నున్నది. అచటికి పోయినప్పుడు మెరుగును మాత్రము చూచి మరలి రావలదు. ఏ భాగము ఆనాటిది, ఏది ఈనాటిది, ఎందులకు మార్చిరి అని అడిగి తెలిసికొనుడు.

కారు లేని యిండ్లలో గూడ ఈ మూడు ప్రశ్నలకు పనిగలదు. తాతగారి గోడగడియారము, నాయనమ్మ కుట్టుమిషను, పాత సైకిలు మన యిండ్లలో నుండును. వానిని బాగుచేయించునప్పుడు తీసిన భాగమును అంగడివానియొద్ద వదలక యింటికి తెచ్చుకొనుడు. ఒక చిన్న పెట్టెలో నుంచి, తేదీయు, మార్చిన కారణమును తెలుగున ఒక చీటీమీద వ్రాసి అందులో వేయుడు. ఆ వస్తువును మీ తరువాత వాడువారు మొదట వెదకునది ఆ చీటీయే.