యంత్రానికి వినడం నేర్పిన కాటూరు మనిషి

ఐరాల మామిడి రైతు తోతాపురి ధర తెలుసుకోవాలంటే ఇప్పుడు ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి తెలుగులోనే అడగొచ్చు. అక్షరం టైపు చేసే పని లేదు. ఈ సదుపాయానికి తొలి పునాదులు వేసినవాళ్లలో ఒకాయనది మన ఉమ్మడి చిత్తూరు జిల్లాయే. శ్రీకాళహస్తి దగ్గరి కాటూరులో 1937లో రైతు కుటుంబంలో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకానికి రాజ్ రెడ్డి. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు.

కంప్యూటర్ చరిత్ర అనగానే పాఠ్యపుస్తకాలు 1946 నాటి ఎనియాక్‌తో మొదలెట్టి వాక్యూమ్ ట్యూబులు, ట్రాన్సిస్టర్లు, చిప్పులంటూ తరాల లెక్క చెబుతాయి. పరీక్షకు పనికొస్తుంది. మనిషి మాటను యంత్రం ఎప్పటినుంచి వింటోందో మాత్రం ఆ లెక్కలో కనిపించదు. నా దృష్టిలో అసలు మైలురాయి అదే.

1958లో మద్రాసు గిండీ కాలేజీలో రెడ్డి చదివింది సివిల్ ఇంజినీరింగ్. పైచదువుకు ఆస్ట్రేలియా వెళ్లాకే కంప్యూటర్‌ను ముట్టుకున్నారు. న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలోని ఆ యంత్రం ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ డ్యూస్. దాని పూర్వరూపం అలన్ ట్యూరింగ్ తలపెట్టిన ఏస్. పాదరసం నింపిన గొట్టాల్లో ధ్వని తరంగాలుగా తిరిగే జ్ఞాపకం దానిది. ఆ గొట్టాల్లో ఒకేసారి పట్టేది 402 పదాలే, ఇప్పటి లెక్కలో రెండు కిలోబైట్లు కూడా కాదు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి రెడ్డి అందుకున్నది ట్యూరింగ్ పేరిట ఇచ్చే అవార్డే. ఆసియా మూలాలున్నవాళ్లలో ఆ గౌరవం తొలిసారి దక్కింది ఆయనకే.

కొన్నాళ్లు ఐబీఎంలో పనిచేసి, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర చేరారు. 1966 నాటి ఆయన పీహెచ్‌డీ మాటను గుర్తించడం మీదే. అప్పటికి ఆ రంగంలో జరిగింది తక్కువ. 1952లో బెల్ ల్యాబ్స్ ఆడ్రీ అంకెలు మాత్రమే గుర్తుపట్టేది. 1962లో ఐబీఎం షూబాక్స్‌కు వచ్చింది 16 మాటలు. చిక్కేమిటంటే, మనం మాట్లాడేటప్పుడు పదానికీ పదానికీ మధ్య సందు ఉండదు. గొంతు మారితే అదే మాటకు తరంగం మారిపోతుంది.

1969లో కార్నెగీ మెలన్‌కు వెళ్లాక ఆయన బృందం దీన్ని వేరే దారిలో పట్టుకుంది. హియర్‌సే-2 అనే వాళ్ల వ్యవస్థలో ధ్వని తెలిసిన ప్రోగ్రాం ఒకటి, పదాలు తెలిసినది ఇంకొకటి, వ్యాకరణం తెలిసినది మరొకటి. రచ్చబండ మీద పెద్దమనుషుల్లా తమ ఊహల్ని నలుగురి ముందు పెట్టి, ఒకరి మాటను ఇంకొకరు దిద్దుతూ ఒక వాక్యానికి వస్తాయి. 1976 నాటి హార్పీ 1,011 మాటల పదసంపదతో వాక్యాలు అర్థం చేసుకుంది. దాన్ని నిర్మించిన విద్యార్థి బ్రూస్ లోవెర్. అవకాశం తక్కువగా ఉన్న దారుల్ని మధ్యలోనే వదిలేసి, మెరుగైనవాటినే వెంబడించే దాని పద్ధతి తర్వాతి తరాల యంత్రాలకూ అలవాటైంది.

మా యాసలో గబగబా అడిగితే ఫోను ఇప్పటికీ తికమకపడుతుంది. అది వేరే కథ.

ఆంధ్రప్రదేశ్‌లో పల్లె పిల్లల కోసం పెట్టిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి ఛాన్సలర్ రాజ్ రెడ్డే. పదో తరగతి మార్కులు పట్టుకుని ఐరాల పిల్లలు దరఖాస్తు పెట్టే ఇడుపులపాయ క్యాంపస్ దానిదే.