ఐదు శాతం గీత: అపోహలు – వాస్తవాలు

అపోహ: పి-విలువ 0.05 కన్నా తగ్గితే ఆ ఫలితం 95 శాతం నిజమే.

వాస్తవం: పరిశోధకుల్లోనూ పాతుకుపోయిన అపోహ ఇది. దీన్ని సరిదిద్దుతూ అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ఓ ప్రకటన చేయాల్సి వచ్చింది. ఒక మందును పరీక్షిస్తే తేడా కనిపించిందనుకోండి. ఆ మందుకు అసలు ప్రభావమే లేదనుకుంటే, ఇంత తేడా గానీ అంతకు మించి గానీ కాకతాళీయంగా కనిపించే అవకాశమెంతో పి-విలువ చెబుతుంది. అంతవరకే.

లెక్క వేసి చూద్దాం. పరీక్షకు వచ్చిన వెయ్యి మందుల్లో నిజంగా పనిచేసేవి వంద అనుకోండి. పరీక్ష వాటిలో 80ని పట్టుకుంది. పనిచేయని 900లో 5 శాతం, అంటే 45 కూడా గట్టెక్కేస్తాయి. నెగ్గిన 125లో 45 ఉత్తివే!

అపోహ: తేడా తేలలేదంటే మందు పనిచేయనట్టే.

వాస్తవం: తేడాను పట్టుకునేంత మంది రోగులు ఉన్నారా అన్నది ముందు చూడాలి. ఇలా ‘తేలని’ 71 ట్రయల్స్‌ను 1978లో కొందరు పరిశోధకులు తిరగేశారు. వాటిలో 50 ట్రయల్స్‌లో, మందు 50 శాతం మేలు చేసినా అది కనబడకుండా పోయే ముప్పు పది శాతానికి పైనే ఉంది.

అపోహ: 0.05 అన్నది మార్చరాని శాస్త్ర నియమం.

వాస్తవం: 1925లో గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ వీలుగా ఉంటుందని ఎంచుకున్న హద్దు అది. లేనిది ఉందనడం ఒక తప్పు, ఉన్నది లేదనడం మరో తప్పు అని విడదీసిన గణాంక శాస్త్రవేత్తలు నేమన్, పియర్సన్‌లు ఈ రెంటి మధ్య తూకాన్ని పరిశోధకుడికే వదిలారు.

ఆ తూకం మన బ్లడ్ బ్యాంకుల్లోనే కనిపిస్తుంది. హెచ్‌ఐవీ పరీక్షలో ఒక్కసారి ‘రియాక్టివ్’ అని వస్తే చాలు, ఆ రక్తాన్ని వాడరు. పొరపాటున పారేస్తే పోయేది ఒక బ్యాగు; పొరపాటున ఎక్కిస్తే ఒక మనిషికి జీవితాంతం జబ్బు. అదే, ఏ లక్షణాలూ లేని వ్యక్తికి హెచ్‌ఐవీ ఉందని నిర్ధారించాలంటే మూడు వేర్వేరు పరీక్షలూ అదే మాట చెప్పాలి. ఇక్కడ తప్పు జరిగితే కూలేది ఓ కుటుంబం. వైరస్ ఒక్కటే అయినా గీతలు రెండు. ఇలా ఉండటమే న్యాయం.

అపోహ: గీత ఎంత కఠినమైతే ఫలితం అంత భద్రం.

వాస్తవం: 2011లో న్యూట్రినోలనే సూక్ష్మ కణాలు కాంతి వేగాన్ని మించాయని ఇటలీలోని ఒపెరా బృందం ప్రకటించింది. ఆ ఫలితం కణభౌతిక శాస్త్రవేత్తలు కోరే, 0.05 కన్నా ఎంతో కఠినమైన ఐదు సిగ్మాల హద్దునూ దాటింది. తీరా చూస్తే ఓ ఫైబర్ కేబుల్ సరిగా బిగించలేదు. గణాంక పరీక్ష యాదృచ్ఛిక తేడాలనే లెక్కిస్తుంది. పరికరంలోని లోపాన్ని పట్టదు. న్యూట్రినోలు కాంతి వేగాన్ని మించలేదని 2012లో తిరిగి చేసిన కొలతలు తేల్చాయి.